ఊ కొట్టేవాళ్లు లేని కథ: ఆఫ్రికా బడుల్లో మౌఖిక సంప్రదాయం

క్లుప్తంగా

ఆఫ్రికా దేశాల పాఠ్యపుస్తకాల్లో జానపద కథలకు, సామెతలకు, పొడుపుకథలకు చోటు దొరికి అర్ధశతాబ్దం కావస్తోంది. అయినా ఆ సంప్రదాయం పిల్లలకు నిజంగా అందుతోందా అన్న అనుమానం తీరలేదు. కథలకు అక్కడ కరువేమీ లేదు. కానీ కథ నడిచే భాష, చెప్పే మనిషి, వినేవాళ్ల వంతు, ఈ మూడూ బడి గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. మాతృభాషలో బోధించాలన్న విధానాన్ని నైజీరియా 2025 నవంబరులో వెనక్కి తీసుకోవడంతో ఈ చర్చ మళ్లీ ముందుకొచ్చింది.

నైజీరియా వెనకడుగు

నైజీరియా ప్రభుత్వం 2022 నవంబరులో జాతీయ భాషా విధానాన్ని ఆమోదించింది. ప్రాథమిక విద్య ఆరేళ్లూ పిల్లలకు మాతృభాషలోనో, ఆ చుట్టుపక్కల జనం మాట్లాడుకునే భాషలోనో పాఠాలు చెప్పాలన్నది దాని సారం. మూడేళ్లు తిరిగేసరికి విద్యాశాఖ మంత్రి టుంజీ అలౌసా, అబుజాలో జరిగిన ఒక సదస్సులో, దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. శిశుతరగతి మొదలుకొని విశ్వవిద్యాలయం దాకా బోధన ఇంగ్లీషులోనే జరగాలన్నారు. మాతృభాషను ఎక్కువగా వాడిన ప్రాంతాల పిల్లలే పెద్ద పరీక్షల్లో తప్పుతున్నారన్నది ఆయన చూపిన కారణం.

ఈ వాదనను కాస్త నిదానంగా చూడాలి. 2022 తర్వాత ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2025 నాటికి మహా అయితే మూడు, నాలుగు తరగతుల్లో ఉంటారు. పెద్ద పరీక్షలు రాసే వయసు వాళ్లకింకా రాలేదు. కాబట్టి ఆ ఫలితాలకు కొత్త విధానాన్ని బాధ్యురాలిని చేయడం కుదరదు. అయితే కింది తరగతుల్లో మాతృభాష అన్న మాట 1977 నాటి జాతీయ విద్యా విధానం నుంచీ కాగితం మీద ఉన్నదే. అమలు మాత్రం ఊరికో తీరుగా సాగింది. ఐదు వందలకు పైగా భాషలున్న దేశంలో పుస్తకాలు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అన్ని భాషల్లోనూ లేరు. లాగోస్ లాంటి నగరంలో ఒకే గదిలో నాలుగైదు భాషల పిల్లలు కూర్చుంటారు. మంత్రి చెప్పిన ఇబ్బంది ఉన్నదే. దానికి ఆయన ఎంచుకున్న మందు సరైనదా అన్నదగ్గరే తకరారు.

బోధనాభాష గురించి తీసుకునే ఏ నిర్ణయమైనా కథల గురించి తీసుకున్న నిర్ణయం కూడా. సామెత, పొడుపుకథ, వంశగాథ, జోలపాట వీటిలో ఏ ఒక్కటీ భాషను వదిలి విడిగా బతికేది కాదు. వారానికి రెండు పీరియడ్లు 'సంస్కృతి' అని కేటాయించి, తక్కిన రోజంతా ఇంటిభాష వినపడకుండా బడి నడిపితే ఏమవుతుందో ఆఫ్రికా ఇదివరకే చూసింది.

మెడలో వేలాడిన రేకు

కెన్యా రచయిత గూగీ వా థియాంగో తన చిన్ననాటి బడి గురించి రాసినది ఈ చర్చలో ఎప్పుడూ ప్రస్తావనకు వస్తుంది. చదువులో మొదటి నాలుగేళ్లు ఆయనకు గికుయు భాషలోనే సాగాయి. ఇంట్లో సాయంత్రం పొయ్యి చుట్టూ కూర్చుని విన్న కథలకూ బడిలో విన్న మాటకూ మధ్య తేడా ఉండేది కాదు. 1952లో వలస ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించింది. గికుయుల సొంత బడులు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. ఆ తర్వాత బడి ఆవరణలో గికుయు మాట్లాడితే బెత్తం దెబ్బలు పడేవి, లేదంటే 'నేను మూర్ఖుణ్ణి', 'నేను గాడిదను' అని రాసిన లోహపు రేకు మెడలో వేసుకుని తిరగాల్సి వచ్చేది.

మాతృభాష మాట్లాడిన పిల్లల్ని పట్టుకునే పద్ధతి ఇంకా బాధాకరమైనది. పొద్దున ఒక పిల్లవాడి చేతికి ఒక గుండీ ఇచ్చేవారు. మాతృభాష మాట్లాడినవాడు కనిపిస్తే ఆ గుండీని వాడికి అంటగట్టాలి. వాడు మరొకడికి. సాయంత్రం ఎవరి దగ్గర ఉంటే వాడు తనకెవరిచ్చాడో చెప్పాలి, వాడు మళ్లీ తనకిచ్చినవాడి పేరు చెప్పాలి. ఆ రోజు నోరు జారిన పిల్లలందరూ అలా బయటపడేవారు. తోటివాడి నోటి నుంచి ఎప్పుడు అమ్మభాష జారుతుందా అని కనిపెట్టుకుని కూర్చోవడం పిల్లలకు బడి నేర్పిన చదువు. ఫ్రెంచి పాలనలోని పశ్చిమ ఆఫ్రికాలోనూ ఇలాంటి గుర్తు ఒకటి పిల్లల మెడల్లో తిరిగింది.

తెలుగువాళ్లు దీన్ని దూరదేశపు ముచ్చటగా చదవలేరు. 2009లో కడప జిల్లాలోని ఒక ప్రైవేటు బడిలో తెలుగు మాట్లాడిన చిన్నపిల్లల మెడలో 'తెలుగులో మాట్లాడను' అని ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. కెన్యాలో వలస పాలన చేసిన పనిని స్వతంత్రం వచ్చిన అరవై ఏళ్లకు ఇక్కడి బడి తనంతట తాను చేసింది.

ఈ చరిత్రను దాటవేసి 'బడిలో మౌఖిక సంప్రదాయం' అనే అంశాన్ని అర్థం చేసుకోవడం కష్టం. ఏ బడి అయితే ఆ భాషలను గడప దాటనివ్వలేదో, ఇప్పుడు వాటిలోని కథలను కాపాడే పని ఆ బడి నెత్తినే పడింది. గదులూ గంటలూ పరీక్షలూ అన్నీ పాత పనికోసం కట్టుకున్నవే.

నైరోబీలో పడిన అడుగు

మార్పు పైనుంచి, విశ్వవిద్యాలయం నుంచి మొదలైంది. 1968 అక్టోబరులో నైరోబీ విశ్వవిద్యాలయంలో ముగ్గురు అధ్యాపకులు, గూగీ, హెన్రీ ఒవూర్ అన్యుంబా, తబాన్ లో లియాంగ్, ఒక చిన్న పత్రం రాశారు. ఇంగ్లీషు శాఖను ఎత్తేసి, ఆఫ్రికాను నడిమధ్యన పెట్టుకుని సాహిత్యం చెప్పే శాఖ పెట్టాలని అందులో అడిగారు. మౌఖిక సంప్రదాయాన్ని అధ్యయనానికి కేంద్రంగా పెట్టడం వాళ్ల ప్రతిపాదనల్లో కీలకమైనది. పెద్ద గొడవే జరిగింది. చివరికి శాఖ పేరూ మారింది, పాఠమూ మారింది. విద్యార్థులు సొంత ఊళ్లకు వెళ్లి పెద్దవాళ్ల దగ్గర కథలు, పాటలు సేకరించడం చదువులో భాగమైంది. 1974లో నైరోబీలో ఉపాధ్యాయులు, రచయితలు కలిసి జరిపిన సదస్సు ఈ ఆలోచనను ఉన్నత పాఠశాలల దాకా తెచ్చింది.

అదే కాలంలో ఉగాండాకు చెందిన పియో జిరిము ఒక కొత్త మాటను ముందుకు తెచ్చాడు. 'లిటరేచర్' అన్న పదం అక్షరం నుంచి పుట్టింది గనక 'ఓరల్ లిటరేచర్' అనడంలోనే ఒక పొంతన లేనితనం ఉంది, నోటికళకు రాత పేరు అరువు తేవడం దేనికని అతని ప్రశ్న. అందుకే 'ఓరేచర్' అన్నాడు. తెలుగులో ఈ తంటా లేదు. వాక్కుతో అల్లినదంతా 'వాఙ్మయం' అని మనకు ఎప్పటినుంచో ఒక మాట ఉంది, తాటాకు మీద ఉన్నా నాలుక మీద ఉన్నా అదే పేరు.

గూగీ తెలుగు పాఠకులకు కొత్తవాడేమీ కాదు. ఆయన పుస్తకాలు రెండింటిని వరవరరావు తాను జైల్లో ఉన్న రోజుల్లో తెలుగు చేశారు. గూగీ 2025 మే నెలలో కన్నుమూశారు. నైజీరియా ప్రకటన వెలువడింది ఆ తర్వాత ఆరు నెలలకు.

పౌక్వా అంటే పకావా అనాలి

అచ్చులోకి వచ్చేటప్పుడు ఏం జారిపోతుందో తెలియాలంటే, కథ అసలు ఎలా నడుస్తుందో చూడాలి. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో కథకుడు 'పౌక్వా!' అంటాడు. కూర్చున్నవాళ్లంతా 'పకావా!' అని బదులివ్వాలి. అప్పుడే కథ మొదలు. నైజీరియా భాష యొరుబాలో 'ఆలో ఓ!' అంటే 'ఆలో!' అంటారు. హౌసాలో 'గా తా, గా తా నాన్ కూ' అంటే ఇదిగో కథ వచ్చిందని అర్థం. 'తా జో ము జీ తా', రానీ విందాం, అని శ్రోతల జవాబు. దక్షిణాఫ్రికా ఖోసా కథల్లో శ్రోతలు 'చోసీ!' అంటారు.

ఇవి అలంకారానికి పెట్టుకున్న మాటలనుకుంటే పొరపాటు. వినడానికి సిద్ధమేనా అని అడిగి, సిద్ధమేనన్న మాట తీసుకుని మొదలుపెట్టే ఒప్పందం ఇది. మన ఇళ్లలో అమ్మమ్మ 'అనగనగా' అనగానే పిల్లలు 'ఊఁ' అనాలి. ఊ కొట్టడం ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడని, కథ అక్కడితో ఆపాలని ఆమెకు తెలుస్తుంది. బుర్రకథలో వంతలు 'తందానతాన' అంటూ కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు, మధ్యలో ప్రశ్న వేసి కథను మలుపు తిప్పుతారు. ఘానాలోని అకాన్ ప్రజల కథాకాలక్షేపంలో ఇది మరో మెట్టు పైకి పోతుంది. శ్రోతల్లోంచి ఎవరైనా లేచి, కథకుణ్ణి ఆపి, ఒక పాట ఎత్తుకోవచ్చు. దాన్ని 'మ్బోగువో' అంటారు. అందరూ చప్పట్లతో అందుకుంటారు, పాట అయ్యాక కథ ఆగినచోటి నుంచి నడుస్తుంది. కథ ఎక్కడ సాగదీతగా ఉందో, ఎక్కడ జనం నిద్రకు జోగుతున్నారో పసిగట్టి పాట ఎత్తుకోవడం కూడా ఒక నేర్పే.

అంటే కథ సగం కథకుడి నోట్లో, సగం శ్రోతల నోట్లో ఉంటుంది. పుస్తకం మొదటి సగాన్నే పట్టుకోగలదు.

వేళ ఇంకో చిక్కు. చాలాచోట్ల కథలు చెప్పేది రాత్రిపూటే. పగలు కథ చెబితే నెత్తిన కొమ్ములు మొలుస్తాయని దక్షిణాఫ్రికా జులూలలో పిల్లలను బెదిరించేవారు. పగలు పొలం పని, పశువుల కాపు, రాత్రి కథ అన్న పని విభజన ఈ నమ్మకం వెనక ఉందని సులువుగానే ఊహించవచ్చు. బడి నడిచేదేమో పగలు. హాస్టలు చదువు పిల్లలను ఆ రాత్రి పొయ్యి దగ్గర నుంచి దూరం చేసింది. ఇంట్లో ఉండి చదివేవాళ్లకు ఆ వేళను హోంవర్క్ తీసుకుంది. కథ ఉండాల్సిన చోటును ఖాళీ చేయించి, ఆ కథను పదకొండు గంటల పీరియడులో పెట్టడం ఎంతవరకు పనిచేస్తుందన్నది గట్టి ప్రశ్నే.

అనాన్సికి నీతి అంటగడితే

అకాన్ కథల్లో సాలెపురుగు అనాన్సిది ప్రత్యేకమైన చోటు. లోకంలోని కథలన్నీ ఆకాశదేవుడు న్యామే దగ్గర ఉన్న రోజుల్లో, వాటిని కొంటానని అనాన్సి వెళ్తాడు. కొండచిలువ ఒనీని, చిరుతపులి ఒసెబో, కందిరీగల గుంపు, కంటికి కనపడని మ్మోవాటియా అనే వనదేవత, ఇవన్నీ పట్టి తెమ్మని న్యామే ధర చెబుతాడు. అనాన్సి పెళ్లాం అసో ఉపాయాలు చెబుతుంది. కొండచిలువ వినేలా మొగుడూ పెళ్లాం వాదులాడుకుంటారు, ఈ కర్ర పొడవా ఆ పాము పొడవా అని. తేల్చేద్దామని పాము కర్ర పక్కన సాగి పడుకుంటుంది, అనాన్సి తీగతో కట్టేస్తాడు. కందిరీగల దగ్గరికి వెళ్లేటప్పుడు సొరబుర్రలో నీళ్లు తీసుకెళ్తాడు. సగం నీళ్లు వాటి మీద చల్లి, సగం తన నెత్తిన పోసుకుని, అరటాకు అడ్డం పెట్టుకుని 'వాన వచ్చింది, తడిసిపోతారు, ఈ బుర్రలో దూరండి' అంటాడు. అవి దూరగానే మూత బిగిస్తాడు. అలా కథలన్నీ అనాన్సివి అయ్యాయి. అకాన్ భాషలో జానపద కథకు పేరే 'అనాన్సెసెమ్', అనాన్సి మాటలు.

పాఠ్యపుస్తకం చివర 'ఈ కథలోని నీతి ఏమిటి?' అని అడుగుతుంది. బలం కన్నా తెలివి మిన్న అని రాస్తే మార్కులు పడతాయి. కానీ అనాన్సి చేసినదంతా మోసం. వేరే కథల్లో అతను తిండిపోతు, సోమరి, పెళ్లాం పిల్లలనే వంచిస్తాడు, అప్పుడప్పుడు చావుదెబ్బ తింటాడు. పెద్దలు ఈ కథ చెప్పేటప్పుడు పిల్లలు ఒకసారి అతని వైపు, ఒకసారి పాము వైపు నిలబడి వాదించుకుంటారు. మంచీ చెడూ తూచుకునే పని వాళ్లదే. నీతిని ఒక్క వాక్యంలో రాసి కింద గీత గీస్తే ఆ వాదనకు చోటు పోతుంది. ఆఫ్రికా కథల మీద 'నీతికథలు' అని ముద్ర వేసింది మొదట మిషనరీ పుస్తకాల అవసరమే, స్వతంత్ర దేశాల పాఠ్యపుస్తకాలూ ఆ అలవాటును పెద్దగా వదులుకోలేదు.

బానిసల ఓడల్లో అనాన్సి జమైకా చేరాడు. అక్కడ అతనికి ఏ పాఠ్యపుస్తకమూ లేదు, ఏ పరీక్షా లేదు. తోటల్లో రాత్రిపూట చెప్పుకున్న మాటలోనే రెండు మూడు శతాబ్దాలు బతికాడు. బడి లేకుండా కథ బతకగలదని దీనర్థం. బడి చేతికి ఇచ్చాక బతకాలంటే ఏం కావాలన్నది వేరే ప్రశ్న.

స్వరం తప్పితే మాట మారుతుంది

యొరుబా స్వరభాష. 'ఒకో' అనే రెండు అక్షరాలను ఒక స్వరంలో పలికితే భర్త, ఇంకో స్వరంలో పార, మరో స్వరంలో బండి, మరోలా బల్లెం. 'దున్‌దున్' అనే డోలు తోలుపట్టీలను చంకలో నొక్కి, వదిలి ఈ స్వరాలను అచ్చంగా పలికిస్తుంది. వంశాలను, ఊళ్లను, దేవతలను పొగిడే 'ఒరికి'లను డోలు మీదే వాయిస్తారు, విన్నవాళ్లకు మాటలు అర్థమవుతాయి. తెలుగునాట చావుకు, పెళ్లికి, జాతరకు డప్పు దరువు వేరువేరుగా ఉంటుంది, దూరాన ఉన్నవాడికి సంగతి తెలిసిపోతుంది. యొరుబా డోలు అక్కడితో ఆగదు, వాక్యాన్నే చెబుతుంది.

ఒరికిని ఇంగ్లీషులోకి మార్చి తరగతిలో చదివిస్తే మిగిలేది బిరుదుల జాబితా. 'సామెత మాటకు గుర్రం, మాట తప్పిపోతే సామెత ఎక్కి వెతుకుతాం' అన్నది యొరుబాలో పేరున్న సామెత. దాని భావాన్ని ఏ భాషలోనైనా చెప్పవచ్చు. కానీ పెద్దల సభలో ఏ ఘడియలో ఆ సామెత తీయాలి, చిన్నవాడు వాడేటప్పుడు ముందు పెద్దల అనుమతి ఎలా అడగాలి అన్నది పుస్తకంలో దొరకదు. అది విని, తప్పు చేసి, దిద్దించుకుని నేర్చుకునే విద్య.

చెప్పే హక్కు ఎవరిది?

పశ్చిమ ఆఫ్రికా మాందే ప్రజల్లో గతాన్ని చెప్పే పని 'జెలీ'లది. ఫ్రెంచిలో గ్రియో అంటారు. కుయాటే, జబాతే లాంటి ఇంటిపేర్లున్న కుటుంబాలు తరతరాలుగా ఈ పనిలో ఉన్నాయి. పదమూడో శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని స్థాపించిన సుందియాటా గాథ వాళ్ల నోటనే నిలిచింది. మాలిలోని కంగబాలో 'కామాబ్లోన్' అనే గుడిసెకు ఏడేళ్లకొకసారి కప్పు మారుస్తారు, ఆ వేడుకలో జబాతే పెద్దలు మాందే చరిత్ర చెబుతారు. ఈ వేడుకను యునెస్కో 2009లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఏడేళ్ల విరామం, ఒకే స్థలం, అర్హత ఉన్న వాళ్లే చెప్పడం. బడి టైంటేబులుకు ఇందులో ఏ ఒక్కటీ సరిపడదు.

తెలుగునాట ఈ ఏర్పాటు తెలిసినదే. తెలంగాణలో యాదవులకు, కురుమలకు ఒగ్గువాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ఇలా ఒక్కో కులానికి ఆశ్రిత కులాలు కథ చెబుతాయి, గోత్రాలు పలుకుతాయి, బదులుగా కట్టుబడి అందుకుంటాయి. జెలీకి, అతని పోషక కుటుంబానికి మధ్య సంబంధమూ ఇలాంటిదే. ఇందులో గౌరవంతో పాటు ఎక్కువ తక్కువల మెట్లు కూడా ఉన్నాయి. సంప్రదాయాన్ని బడికి తేవాలనేవాళ్లు ఆ మెట్ల గురించి పిల్లలతో మాట్లాడకుండా వదిలేస్తే సగం నిజమే చెప్పినట్టు.

1960లో గినీ చరిత్రకారుడు జిబ్రిల్ తంసీర్ నియాన్, మామాదు కుయాటే అనే జెలీ చెప్పిన సుందియాటా గాథను ఫ్రెంచిలో అచ్చు వేయించారు. ఆ పుస్తకం ఎన్నో దేశాల్లో పాఠమైంది. దాని మేలు చిన్నది కాదు, వలస పుస్తకాలు చరిత్రే లేదన్న నేల మీద ఒక మహాసామ్రాజ్యం కథను లక్షలమంది పిల్లలు చదివారు. అయితే ఒక జెలీ ఒక సందర్భంలో చెప్పిన రూపం అచ్చులో స్థిరపడి 'అసలు కథ' అయి కూర్చుంది. వేరే ఊరి జెలీ వేరేగా చెబితే పిల్లలకు అది తప్పుగా తోస్తుంది. పాఠాంతరాలు మౌఖిక సంప్రదాయానికి ప్రాణం. అచ్చు వాటిని తప్పుల కింద జమకడుతుంది.

అదే 1960లో మాలి పండితుడు అమాదు హంపాతే బా యునెస్కోలో అన్న మాట ప్రపంచమంతా తిరిగింది: ఆఫ్రికాలో ఒక ముసలివాడు చనిపోతే ఒక గ్రంథాలయం కాలిపోయినట్టే. ఆ మాట పుణ్యమా అని రికార్డింగులు పెరిగాయి. యునెస్కో 1964లో మొదలుపెట్టిన ఆఫ్రికా చరిత్ర సంపుటాల్లో మౌఖిక ఆధారాలకు లిఖిత ఆధారాలతో సమానమైన చోటు వచ్చింది. కానీ ఆ పోలిక ఒక సంగతిని మరుగున పెట్టింది. గ్రంథాలయంలోని పుస్తకం ఎవరు తీసినా అదే చెబుతుంది. ముసలివాడు ఎదురుగా ఉన్న మనవణ్ణి బట్టి చెబుతాడు.

పరీక్ష ప్రశ్నగా మారిన కథ

కెన్యాలో 1974 సదస్సు ఫలితంగా ఉన్నత పాఠశాలల సిలబస్‌లోకి మౌఖిక సాహిత్యం వచ్చింది. స్కూల్ ఫైనల్ ఇంగ్లీషు పరీక్షలో ఈనాటికీ ఒక జానపద కథో, పాటో ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. ఇది ఏ రకం కథ: రాక్షస కథా, జిత్తులమారి కథా, పుట్టుక చెప్పే కథా? మౌఖిక లక్షణాలు ఏవి? ఈ జనం ఏ వృత్తి మీద బతుకుతున్నారు? ప్రశ్నలు చెడ్డవేమీ కావు. కానీ ఇంగ్లీషులో అచ్చేసిన కథను నోరు మెదపకుండా చదివి, అందులో మౌఖిక లక్షణాలు వెతికి రాయడం పిల్లల పని అయింది. ఒక్క కథ కూడా నోటితో చెప్పకుండా మౌఖిక సాహిత్యంలో మంచి మార్కులు తెచ్చుకోవచ్చు.

అదే దేశంలో 1927 నుంచి జరుగుతున్న కెన్యా సంగీతోత్సవం దీనికి ఎదురుబొదురుగా నిలుస్తుంది. ఇప్పుడు అందులో బడి పిల్లలు వివిధ జాతుల పాటలు, నృత్యాలు, కథలు వేదిక మీద ప్రదర్శిస్తారు. లూయో పిల్లలు కంబా నృత్యం నేర్చుకోవడం, ఊరి పెద్దలు బడికొచ్చి అడుగులు దిద్దడం లాంటివి ఇక్కడ జరిగే వీలుంది. ఇబ్బంది ఏమిటంటే పోటీకి నిమిషాల లెక్క ఉంటుంది, న్యాయనిర్ణేతలు ఉంటారు. శ్రోతలు మధ్యలో లేచి పాట ఎత్తుకుంటే మార్కులు పోతాయి. అయినా పాఠం కన్నా వేదికే మౌఖిక సంప్రదాయానికి దగ్గరగా ఉందని ఒప్పుకోవాలి. కనీసం గొంతుకు అక్కడ పని ఉంది.

2019 నుంచి కింది తరగతుల్లో అమలవుతున్న కొత్త విధానంలో మూడో తరగతి దాకా స్థానిక భాషను ఒక పాఠ్యాంశంగా పెట్టారు. తల్లిదండ్రులు, తాతలు బడికొచ్చి కథ చెప్పే వీలు కాగితం మీద ఉంది. ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుణ్ణి ఆ ఊళ్లోనే వేయడం, నగరాల్లో ఏ భాష చెప్పాలో తేల్చడం అసలు కష్టం.

ఇఫే చూపిన దారి

మాతృభాషలో చదివితే వెనకబడతారన్న భయానికి నైజీరియాలోనే ఒక జవాబు ఉంది. 1970లో ఇఫే విశ్వవిద్యాలయంలో బాబ్స్ ఫఫున్వా ఆధ్వర్యంలో ఒక ప్రయోగం మొదలైంది. ఒక జట్టు పిల్లలకు ఆరేళ్లూ లెక్కలు, సైన్సు, సాంఘికం అన్నీ యొరుబాలోనే చెప్పారు. ఇంగ్లీషును ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్లతో ఒక సబ్జెక్టుగా నేర్పించారు. ఇంకో జట్టు మామూలు పద్ధతిలో నాలుగో ఏట నుంచి ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. యొరుబా జట్టు చదువులో మెరుగ్గా నిలిచింది, ఇంగ్లీషులో కూడా తీసిపోలేదు.

ఆ ఫలితం ఊరికే రాలేదు. యొరుబాలో లెక్కల పుస్తకం, సైన్సు పదకోశం కొత్తగా తయారు చేసుకున్నారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అప్పుడే సామెత లెక్కల క్లాసులోకి, కథ సైన్సు క్లాసులోకి సహజంగా నడిచివచ్చింది, ఎందుకంటే ఉపాధ్యాయుడు, పిల్లలు ఒకే భాషలో ఆలోచిస్తున్నారు. ఆ ఖర్చు, ఆ ఓపిక లేకుండా ఉత్తర్వు ఒక్కటే జారీ చేస్తే ఏమవుతుందో 2022 విధానం చూపింది.

ఖండంలో అందరూ ఒకే దిక్కుకు పోవడం లేదు. టాంజానియా 1967 నుంచి ప్రాథమిక విద్యను స్వాహిలీలో నడుపుతోంది. మాలి 2023 రాజ్యాంగంలో ఫ్రెంచిని అధికార భాష హోదా నుంచి తప్పించి, 13 జాతీయ భాషలకు ఆ హోదా ఇచ్చింది.

ఆఫ్రికా బయటి పిల్లలకు

ఇతర దేశాల్లో ఈ కథలు చెప్పేటప్పుడు జరిగే మొదటి తప్పు 'ఒక ఆఫ్రికా కథ' అనడం. ఖండంలో దాదాపు రెండు వేల భాషలున్నాయి. ఘానా అడవి కథకూ, కలహారి ఎడారి కథకూ మధ్య దూరం, సింహాచలం కథకూ సైబీరియా కథకూ ఉన్నంత. ఏ జాతి, ఏ భాష, ఏ దేశం అన్న మూడు ముక్కలు చెబితే చాలు, కథ నేల మీద నిలబడుతుంది.

దక్షిణాఫ్రికాలో మొదలైన 'ఆఫ్రికన్ స్టోరీబుక్' సంస్థ ఎన్నో ఆఫ్రికా భాషల్లో చిన్న కథల పుస్తకాలను ఉచితంగా పంచుతోంది, ఎవరైనా అనువదించుకోవచ్చు. వాటిలో కొన్ని ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' వేదిక మీదా దొరుకుతాయి. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లకు ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. ఆ దేశ రాజ్యాంగం ఆదరించాల్సిన భాషల జాబితాలో తెలుగు పేరు రాసింది. చెరకు తోటల కూలీలుగా వెళ్లినవాళ్ల భాషను నిలబెట్టడానికి 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. జులూ పిల్లల కథలూ తెలుగు పిల్లల పాటలూ ఆ దేశంలోని క్వాజులు నటాల్ రాష్ట్రంలో ఒకే రకం కష్టం పడ్డాయి. ఇటు హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అన్న పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం నుంచి వచ్చింది. ఆ సిద్దీల వారసుల మర్ఫా దరువు నగరం పెళ్లి ఊరేగింపుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

నలభై నిమిషాల్లో పట్టేది

అన్ని ప్రక్రియలూ బడికి ఒకేలా లొంగవు. వంశగాథకు హక్కు అడ్డం, రాత్రి కథకు వేళ అడ్డం, ఒరికికి స్వరం అడ్డం. పొడుపుకథకు ఈ అడ్డంకులు తక్కువ. చిన్నది, ఎవరి సొత్తూ కాదు, జవాబు చెప్పేవాడు లేకుండా అసలు నడవదు.

స్వాహిలీలో పొడిచేవాడు 'కితెందవీలి!' అంటాడు, తరగతి 'తెగా!' అంటుంది, వెయ్యి మరి, అని. 'న్యుంబా యాంగు హైనా మ్లాంగో', నా ఇంటికి తలుపు లేదు. జవాబు కోడిగుడ్డు. తెలుగులో 'చుట్టింటికి మొత్తే లేదు' అన్న పొడుపుకు జవాబూ అదే. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూడకుండానే ఆ గుడ్డును ఇల్లు అన్నాయి.

జవాబు రానప్పుడు ఏం జరుగుతుందన్నది ఈ ఆటలో చూడదగ్గ సంగతి. పొడిచినవాడు 'నిపే మ్జీ' అంటాడు, నాకో ఊరివ్వు. ఓడినవాడు ఒక ఊరు ఇచ్చుకోవాలి, మొంబాసా అనో, కిసుము అనో. పొడిచినవాడు ఆ ఊరు పుచ్చుకుని, అక్కడికి వెళ్లినట్టు, అక్కడ తనకు దక్కిన మర్యాదలన్నీ కాసేపు గొప్పగా వర్ణించి, అప్పుడు జవాబు విప్పుతాడు. తరగతి నవ్వుతుంది, ఊరు పోగొట్టుకున్న పిల్ల మరో పొడుపు తీసుకుని లేస్తుంది, ఊరు తిరిగి గెలుచుకోవాలి గదా.